ఎనిమిదో నంబరు స్థలం

పొద్దున్నే లేవగానే కొలతల మాస్టారు చేసే మొదటి పని, మంచానికి వేలాడుతున్న గుడ్డ టేపు తీసి మెడలో వేసుకోవడం. రెండో పని, ఊరి చివర తను కొన్న స్థలం గురించి భార్యకి చెప్పడం. మొదటిది ముప్పై ఏళ్లుగా, రెండోది పన్నెండేళ్లుగా ఒక్క రోజు తప్పలేదు.

"అటువైపు నాలుగు వరసల రోడ్డు పడుతుందట. చొక్కా కుట్టించుకోడానికి వచ్చినాయన చెప్పాడు. ఒక్క ఏడాది ఓపిక పట్టామంటే రేటు రెట్టింపు!"

ఆమె గోడ పట్టుకుని లేచింది. ఆసుపత్రి వంటగదిలో రోజుకి తొమ్మిది గంటలు నిలబడి నిలబడి అరిగిపోయిన మోకాళ్లు ఆమెవి. ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. స్థలం అమ్మితే ఆపరేషనూ అవుతుంది, ఆ ఉద్యోగమూ మానేయొచ్చు. అమ్మకపోతే రెండూ లేవు. ఈ సంగతి మాస్టారికి ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు.

"ఇవాళ సర్వేయరు వస్తాడు. కొనేవాళ్లూ వస్తున్నారు. గుర్తుందా?" అంది ఆమె, పని కోటు తొడుక్కుంటూ. అటునుంచి అటే డ్యూటీకి వెళ్లాలి.

"రానీ, చూసుకుని పోతారు. అమ్ముతానని నేనెప్పుడన్నాను?"

"అమ్మనని కూడా అనకండి నాన్నా, కనీసం అమ్మ బస్సెక్కి కూర్చునేదాకా," అంది కూతురు. మందుల షాపులో బతిమాలి సెలవు తెచ్చుకుందేమో, గొంతులో విసుగు దాగలేదు.

రెండు బస్సులు మారి, మరో పావుగంట నడిస్తే ఆ స్థలం. అక్కడ స్తంభాలున్నాయి, వాటికి దీపాల్లేవు. రోడ్లకి పేర్లు పెట్టారు, రోడ్లు మాత్రం వేయలేదు. నడుమెత్తు గడ్డి మధ్య ఒక్కటే ప్రహరీ గోడ కనిపిస్తుంది. అది మాస్టారు స్వయంగా కట్టింది.

హద్దురాళ్లు ఎవరో పీక్కుపోయారు. గోడ కట్టేముందు, సర్వేయరుకి డబ్బు దండగ అనుకుని, మాస్టారు రోడ్డు మూలన మిగిలిన ఒక్క రాయి దగ్గర మొదలుపెట్టి, మెడలోని టేపుతోనే కొలుచుకుంటూ ఎనిమిదో స్థలందాకా వచ్చాడు. ఆ తర్వాత ఆదివారానికి ఇన్నని ఇటుకలు పేర్చుకుంటూ పోయాడు. ఆ ఇటుకల కోసం ఆమె ఆదివారాలు కూడా డ్యూటీ చేసింది.

సర్వేయరు ఇనప టేపుతో ఒకసారి కొలిచాడు. కాగితం చూసుకుని మళ్లీ కొలిచాడు.

"మాస్టారూ, మీ గోడ ఐదడుగులు పక్కవాళ్ల స్థలంలోకి వెళ్లింది. ఈ వైపు కూల్చాల్సిందే."

మాస్టారు భగ్గుమన్నాడు. "ముప్పై ఏళ్లుగా కొలతలు తీస్తున్నవాణ్ణి! అర అంగుళం తేడా వస్తే అన్నం ముట్టనివాణ్ణి! నాకు నువ్వు కొలవడం నేర్పుతావా?"

మొక్కల నర్సరీ పెడదామని వచ్చిన దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తగాదా ఉన్న స్థలం మాకొద్దులెండి," అంది ఆవిడ మెల్లిగా.

ఆ మాట వినగానే భార్య మొహం వాడిపోయింది. మొగుడి దగ్గరికి నడిచింది. ఆయన మెడలోంచి టేపు లాగి, గోడ మీద ఇనప టేపు పక్కన పరిచింది. మాస్టారి అరవై అంగుళాలు, ఇనప టేపు మీద అరవై ఒకటి.

"గుడ్డ టేపు కదా, సాగిపోయింది. అరవైకి ఒక అంగుళం చొప్పున, ఎనిమిదో స్థలందాకా వచ్చేసరికి ఐదడుగులైంది," అన్నాడు సర్వేయరు.

"మరి నేను కుట్టిన చొక్కాల సంగతో? ఒక్కటీ తిరిగి రాలేదే!"

"కొలిచిందీ దీంతోనే, కత్తిరించిందీ దీంతోనే. ఇక తేడా ఎలా తెలుస్తుంది నాన్నా?" అంది కూతురు.

అప్పుడు భార్య అంది, "పన్నెండేళ్లుగా ఒక్క ఏడాది, ఒక్క ఏడాది అంటున్నారు. అది కూడా దీంతోనే కొలుస్తున్నారా?"

కోపంగా అనలేదు. కోప్పడటానికి కూడా ఓపిక ఉండాలి కదా. అనేసి వెనక్కి తిరిగింది. మోకాలు మడతపడింది. మాస్టారు ఒక్క అంగలో వచ్చి రెక్క పట్టుకున్నాడు. పట్టుకున్న వేళ్లకి కోటు చేతి మీద ఏదో తగిలింది. వంకరటింకర కుట్టు.

"ఇది నా కుట్టు కాదే."

"నాదే. మీరు నా పాత కొలతకే కుడుతున్నారు. వదులైపోతోందని, చేతుల దగ్గరా నడుం దగ్గరా లోపలికి మడిచి కుట్టుకున్నాను."

"నాతో చెప్పొచ్చుగా?"

"మీకు ఆదివారాలు ఖాళీ ఏదీ?"

మాస్టారు చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత నర్సరీ దంపతుల దగ్గరికి వెళ్లి, "ఏ తగాదా లేదమ్మా. తప్పు నాదే. ఈ వైపు గోడ నేనే కూల్చి అప్పగిస్తాను. కాగితాలు ఎప్పుడు రాసుకుందామో చెప్పండి," అన్నాడు. అని, తను పేర్చిన పై వరసలోంచి ఒక ఇటుక ఊడదీసి కింద పెట్టాడు.

రెండో బస్సు కోసం దిగినచోట, ఎదురుగా ఉన్న కొట్లో కొత్త టేపు కొన్నాడు. బస్టాపు బల్ల మీద కూర్చున్న భార్య ముందు మోకాళ్ల మీద వంగాడు.

"ఇదేం పనండీ, అందరూ చూస్తున్నారు! నాకు డ్యూటీకి వేళవుతోంది."

"ఇవాళ వెళ్లొద్దు. లేవకు, కూర్చునే ఉండు."

నడుం చుట్టూ టేపు తిప్పి అంకె చూశాడు. నమ్మలేక మళ్లీ చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగి అంకె కనిపించకుండా పోయింది.

"ఎంతుందేమిటి?" అందామె.

ఆయన టేపు చుట్టేశాడు. "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు.

"రేపంటే ఏ టేపు ప్రకారం?"

మాస్టారు చేతిలోని కొత్త టేపు చూపించి, బస్టాపులో అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.