మూడు సిరంజిలు, ఒక ప్రార్థన

“సీతాఫలాలు పండాయా?”

“కోతులు తినేశాయి.”

కోడ్ సరిపోయింది. మౌలాలి గుట్ట కింద ఆగిన అంబాసిడర్‌లో చీఫ్ సుబ్బరాజు ఏజెంట్ నోవహు ఒళ్లో పాస్టరు తెల్లంగీ పడేశాడు.

“రాకెట్ ఇంజనీరు జకర్యా గుండె, కిడ్నీలు దెబ్బతిని చిలకలగూడ ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడ ఏ మందు ఎంత ఇవ్వాలో కంప్యూటర్ చెబుతుంది. విదేశీ ముఠా అందులో ఒక డోసు మార్చేసింది. ఇవాళ మూడు ఇంజెక్షన్లు. ఒకటి పడితే మనిషి పోతాడు. మిగతా రెండూ పడకపోయినా పోతాడు.”

“ఏది మార్చారు?”

“కుసుమకుమారి చెబుతుంది. ముఠాలో మన మనిషి. డాక్టరుకు ముందే చెప్పకు, గదిలో కాపు కాసిన ముఠావాడు జారిపోతాడు.”

నోవహుకు మనసు నిలవలేదు. రెండు చోట్లా జీతం తీసుకునే మనిషి ఎప్పుడు ఎటు మొగ్గుతుందో ఎవరికి తెలుసు?

వార్డు గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. నీలం షిఫాన్ చీర, తలమీదకి నెట్టిన నల్ల కళ్లద్దాలు, కంప్యూటర్ కంపెనీ ప్రతినిధి వేషం.

“మొదటి సిరంజి. అది ఆపు,” అని గొణిగి లోపలికి నడిచింది.

లోపల డాక్టర్ రామ్మోహనరావు కంప్యూటర్ ఇచ్చిన కాగితం పట్టుకుని తొందరపడుతున్నాడు. ట్రేలో మూడు సిరంజిలు.

“సూదికి ముందు చిన్న ప్రార్థన,” అన్నాడు నోవహు.

“జెర పొట్టిగ చెయ్యి అయ్యగారూ. మీరు షురూ చేస్తే ఆపరు,” అన్నాడు జకర్యా మంచంమీంచి.

నోవహు ఆదాము దగ్గర మొదలుపెట్టాడు. మోషే దాకా వచ్చాడు. నోరు దేవుణ్ణి పిలుస్తోంది, ఓరకన్ను ట్రేను వదలడం లేదు. ఆమె మాట అబద్ధమైతే ఈ పెద్దాయనను తన చేతులతో చంపినట్టే. భయమేసింది.

బైబిలు పెట్టే వంకతో మొదటి సిరంజిని పక్కకు జరిపాడు. డాక్టరు కళ్లు మూసుకునే ఉన్నాడు. కుసుమకుమారి కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు కదలలేదు. రెండోది జరిపాడు. ఆమె చూపు దాంతోపాటే జరిగింది.

“ఇంక చాలండి,” అంటూ డాక్టరు ఓపిక నశించి ఆ రెండోదే అందుకున్నాడు. సూది చర్మానికి ఆనింది. నోవహు ఆయన మణికట్టు పట్టేశాడు.

“డాక్టరుగారూ, ఆ కాగితం మర్చిపోండి. ఈయన కిడ్నీలకు మీరైతే ఇది ఎంత ఇస్తారు?”

రామ్మోహనరావు సిరంజిని వెలుగులో పెట్టి చూశాడు. దాన్ని పక్కన పడేశాడు.

“ఇందులో పదోవంతు... కంప్యూటర్ చెప్పింది కదా అని నేను ఆలోచించలేదు.” సిగ్గుతో తల దించుకున్నాడు.

తలుపువైపు నడిచిన కుసుమకుమారికి బయట కాపున్న సుబ్బరాజు మనుషులు అడ్డొచ్చారు.

“పాస్టరుగారు కళ్లు తెరిచి ప్రార్థన చేస్తారా?” అంది పళ్లు బిగించి.

“మా నాన్న పాస్టరే. చర్చిలో ఒక కన్ను తెరిచినందుకు ప్రతి ఆదివారం తన్నులు తినేవాణ్ణి. ఇవాళ్టికి గిట్టుబాటైంది.”

ఇదంతా విన్నా జకర్యా మాత్రం కళ్లు తెరవలేదు.

“అయ్యగారూ, ఆమేన్ అంటవా, అనవా? మిగిలిన రెండు సూదులన్న పడనియ్యి.”