తెరుచుకోని డోర్

రావికమతం గెస్ట్‌హౌస్‌లో బాస్ సత్తిరాజు బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగించాడు. నేవీ రాడార్ కోడ్స్ ఉన్న మెమరీ కార్డ్ సారా దగ్గరుంది. విదేశీ ముఠాతో తిరుగుతూనే మనకీ కబుర్లు అందించే డబుల్ ఏజెంట్ ఆమె. కార్డ్ వాళ్ల చేతికి పోకూడదు.

"మరి సారా?" అన్నాడు ఏజెంట్ మన్మథరావు.

బాస్ కిటికీలోంచి బయటికి చూశాడు. "రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి మనకెందుకయ్యా."

జీడిపప్పు బ్రోకర్ వేషంలో మన్మథరావు బలిఘట్టం రోడ్డు పక్కన కారాపి సారా కోసం ఎదురుచూశాడు. నర్సీపట్నంలో కొత్తగా పెట్టించిన అలారం అతన్ని చంపుకుతింటోంది. ఈగ వాలినా అరుస్తుంది. అరిచిన ప్రతిసారీ డోర్లు లాకైపోతాయి, ఇమ్మొబిలైజర్ ఇంజన్‌ని ఆపేస్తుంది. రిమోట్ నొక్కితే ఒక్కోసారి వింటుంది, చాలాసార్లు వినదు. ఏసీ లేక ఉక్కపోస్తోంటే అద్దం రెండు వేళ్ల సందు దించుకున్నాడు.

టీకొట్టు గున్నమ్మ వచ్చి మరీ చెప్పింది. "బాబూ, ఆ బండి నోరు ముయ్యించండి. సెవులు పోతన్నాయి."

అంతలో చెరుకుతోటలోంచి సారా పరిగెత్తుకొచ్చింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఒక కాలికే చెప్పు. వెనక పిస్టల్‌తో సింహాద్రి, ముఠాకి ఇక్కడి మనిషి. ఆమె చెయ్యి డోర్‌కి తగలగానే అలారం మోగింది. లాకులు టకటకా పడిపోయాయి.

అంత రొప్పులోనూ కోడ్‌వర్డ్ మర్చిపోలేదు. "జీడిపప్పు పచ్చిగానే ఉందండి. డోర్ తియ్యండి."

"ముందు కార్డ్ ఇవ్వు."

అద్దం సందులోంచి ఇచ్చింది. "ఇప్పుడు తియ్యండి రావుగారూ. బేగి. ఆడొచ్చేత్తన్నాడు."

లాకు పడినా లోపలి హ్యాండిల్ లాగితే ఆ డోర్ తెరుచుకుంటుంది. మన్మథరావు చెయ్యి అక్కడిదాకా వెళ్లి, వెనక్కి వచ్చేసింది. సారా అది చూసింది. మరింక బతిమాలలేదు.

అలారం గోలలో తుపాకీ చప్పుడు గున్నమ్మకి కూడా వినపడలేదు. సారా అద్దం మీదుగా కిందికి జారిపోయింది. సింహాద్రి కారు ముందుకొచ్చి గురిపెట్టాడు. మన్మథరావు పిచ్చిపట్టినట్టు రిమోట్ నొక్కుతూ తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. కారు ముందుకి దూకింది. సింహాద్రి తప్పుకోలేకపోయాడు.

అలారం లోపం వల్ల డోర్ తెరుచుకోలేదని సాయంత్రం రిపోర్ట్ ఇచ్చాడు. బాస్ చదివి, ఏమీ అడక్కుండా సంతకం పెట్టాడు.

"తక్కిన బండ్లకీ ఇదే అలారం పెట్టించు" అన్నాడు.