హెడ్డుగారి విజిల్

ఆ మలుపుకి మంచి పేరు ఏనాడూ లేదు.

పైనుంచి దిగే రోడ్డు వాలుగా వచ్చి, మూతపడిన సినిమాహాలు గోడ దగ్గర ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది. తిరిగేదాకా అటువైపు ఏముందో కనపడదు. పగలు ఆటోలు, స్కూటర్లు, తోపుడు బళ్ళు ఒకదాన్నొకటి తిట్టుకుంటూ మెల్లగా పోతాయి కాబట్టి ఫర్వాలేదు. రాత్రయితేనే... లారీలకి బ్రేకులున్న సంగతి గుర్తుండేది కాదు.

అలాంటి ఒక లారీ కిందే ట్రాఫిక్ హెడ్డుగారు పోయాడు. తెల్లవారుజామున, డ్యూటీలో. లారీ ఆగలేదు. తరవాత దొరకనూ లేదు.

ఆయన పోయిన కొన్నాళ్ళకి — అర్ధరాత్రిళ్ళు ఆ మలుపులో విజిల్ మొదలైంది.

ఒకటి పొడుగు. రెండు పొట్టి.

అది హెడ్డుగారి విజిలే. ఊళ్ళో బండి నడిపే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు దానికి జడిసి కాలు కింద పెట్టినవాడే కాబట్టి పోల్చుకోవడం కష్టం కాలేదు. పాలవ్యాను డ్రైవరొకడు వినీ విననట్టు పోయాడట. మలుపు దాటీ దాటగానే వ్యాను పక్కకి ఒరిగింది. వాడికేం కాలేదు గానీ, పాలన్నీ రోడ్డుపాలు. ఆ తరవాత విజిల్ వినపడితే చాలు... లారీ గానీ కారు గానీ ఆగడం, అటూ ఇటూ చూడడం, దణ్ణం పెట్టుకుని నడకలా పోవడం.

ఇదంతా నాకు చెప్పింది మా బావ. మా అక్క మొగుడు. ట్రాఫిక్ కానిస్టేబులు. అదే మలుపులో పగటి డ్యూటీ.

పగలు మా బావ విజిల్ వేస్తే కాకులు కూడా లేవవు. బుగ్గలు పగిలేలా ఊదుతాడు, స్కూటరువాడు ఆయన వంక చూసి, ఓ నవ్వు నవ్వి, పోతాడు. ఒకసారి మా అక్కే పక్కింటావిడ స్కూటరు వెనక కూచుని, ఆయన చెయ్యి అడ్డం పెట్టినా ఆగకుండా, "సాయంత్రం తొందరగా రండి" అని చెప్పి మరీ వెళ్ళింది.

పని నేర్పింది హెడ్డుగారే. అయినా ఆయన విజిల్‌లో ఉన్నదేదో మా బావ విజిల్‌కి అబ్బలేదు.

ప్రతి నెలా మొదట్లో స్టేషన్లో మీటింగు ఉంటుంది. చిన్న ఊరు, చిన్న డిపార్టుమెంటు. అయినా నెలంతా ఏం వెలగబెట్టారో పైఅధికారి ముందు చదివి వినిపించాలి. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని చదువుతాడు — రాసిన చలానాలు, పట్టిన దొంగలు, ఇంటికి చేర్చిన తప్పిపోయిన పిల్లలు, ఏ బడికి వెళ్ళి రోడ్డు దాటడం నేర్పారో, ఎంతమంది తాగుబోతుల చేత గొట్టం ఊదించారో. వెనక వరసలో మా బావలాంటివాళ్ళు కళ్ళు తెరుచుకుని నిద్రపోతుంటారు.

ఆ నెల పైఅధికారి మధ్యలో చెయ్యెత్తాడు.

"ఆ సినిమాహాలు మలుపులో... రాత్రిపూట ఒక్క ప్రమాదం కూడా లేదేమిటి? కిందటేడు నెల తిరక్కుండా ఎవరో ఒకరు పోయేవారు కదా. ఏం చేశారు?"

సంగతి అందరికీ తెలుసు. చెప్పడమెలాగన్నదే తెలియదు.

ఇన్‌స్పెక్టరు మాత్రం తడుముకోలేదు. "ప్రత్యేక రాత్రి నిఘా సార్."

మా బావకి నిద్ర వదిలింది. అలాంటి నిఘా ఒకటుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

"శభాష్! ఎవరు చూస్తున్నారు?"

ఇన్‌స్పెక్టరు చూపు ఒక్కో వరసా దాటుకుంటూ వచ్చి... మా బావ మీద ఆగింది.

"ఇతనే సార్."

అందరూ చప్పట్లు కొట్టారు. మా బావ లేచి సెల్యూట్ చేశాడు. ఇంకేం చేస్తాడు?

"నేనే ఏదో ఒక రాత్రి వచ్చి చూస్తాను" అన్నాడు పైఅధికారి. (ఆయన రానేలేదు. ఆ మలుపు సంగతి ఆయన డ్రైవరు చెవిలో ఊదినట్టున్నాడు.)

మీటింగు అయ్యాక వరండాలో మా బావ ఇన్‌స్పెక్టరు వెంటపడ్డాడు.

"సార్... అక్కడ రాత్రిపూట..."

"తెలుసయ్యా. ఇవ్వాళ్టినుంచి నువ్వక్కడ నిలబడు. ఎవరైనా అడిగితే ఆ విజిల్ నీదే."

"మరి... అది నిజంగా వినపడితే నేనేం చెయ్యాలి సార్?"

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సెల్యూట్ కొట్టు. నీకంటే సీనియరు."

ఇంటికొచ్చి చెబితే మా అక్క ఫ్లాస్కులో కాఫీ పోస్తూ, "బతికుండగా ఆయన మిమ్మల్ని ఒక్క దెబ్బ వెయ్యలేదుగా, ఇప్పుడెందుకు వేస్తాడండీ?" అంది. అందిగానీ, ఆయన వీధి చివర మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

మొదటిరాత్రి బావ సినిమాహాలు మెట్ల మీద కూచున్నాడు. గోడకి చిరిగిన పోస్టర్లు. ఎదురుగా టైర్ల కొట్టు, దించిన షట్టరు. మలుపు మధ్యలో ట్రాఫిక్‌వాళ్ళు నిలబడే గుండ్రటి దిమ్మ... పగలు తను నిలబడేదే. రాత్రి చూస్తే ఎవరో ఇప్పుడే దిగి వెళ్ళినట్టుంది.

పైనుంచి లారీ వెలుగు దిగింది. గోడ మీద పాకుతూ... పెద్దదవుతూ...

విజిల్!

ఒకటి పొడుగు. రెండు పొట్టి.

లారీ కీచుమని ఆగింది. డ్రైవరు ఖాళీ దిమ్మకి రెండు చేతులూ ఎత్తి మొక్కి, మెల్లగా మలుపు దాటాడు. ముందునుంచా, వెనకనుంచా, ఎక్కడినుంచి వచ్చిందో ఆ చప్పుడు! గోడకి కొట్టుకుని నాలుగువైపులనుంచీ వచ్చినట్టుంది. మా బావ సెల్యూట్ కొట్టాడో లేదో ఆయనకే గుర్తులేదు. పరుగెత్తాడని మాత్రం మాకు తెలుసు. ఫ్లాస్కు అక్కడే వదిలేసి వచ్చినందుకు మా అక్క చాలాకాలం సాధించింది.

జ్వరం తగ్గాక మళ్ళీ వెళ్ళాడు. వెళ్ళక తప్పుతుందా? భయం కూడా డ్యూటీలో భాగమైతే కొన్నాళ్ళకి అలవాటైపోతుంది కాబోలు. విజిల్ వినపడగానే లేచి సెల్యూట్ కొట్టడం, మళ్ళీ కూచుని కాఫీ తాగడం.

అలా సాగుతుండగా ఒక రాత్రి — పొడుగు విజిల్ సగంలో తెగింది. కాసేపు నిశ్శబ్దం. తరవాత...

దగ్గు.

ఖళ్ళు ఖళ్ళుమని, ఆగకుండా, ఊపిరాడనంత దగ్గు.

మా బావకి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ వెంటనే ఒక అనుమానమూ లేచింది. చచ్చిపోయినవాడికి దగ్గేమిటి?

తలెత్తి చూశాడు. టైర్ల కొట్టు పైన చిన్న వసారా. దానికి అడ్డంగా ఆరేసిన దుప్పటి. ఆ దుప్పటి దగ్గుకి కదులుతోంది.

పక్కనున్న ఇనప మెట్లు చప్పుడు కాకుండా ఎక్కి, దుప్పటి తొలగించాడు.

"ఎవరది?" గుసగుసగా అడిగింది ఒక ఆడగొంతు.

శాలువా కప్పుకుని, చేతిలో విజిల్ పట్టుకుని, ఒళ్ళు కాలిపోతూ... హెడ్డుగారి భార్య!

"అమ్మా! మీరా? మీరిక్కడ... ఎప్పుడొచ్చారు?"

"మీవాళ్ళు క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారుగా నాయనా, ఆయన పోగానే. ఈ మోతలో ఎవరూ అద్దెకి దిగరు. నాకు ఇదే దొరికింది."

మా బావకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"కూచో" అంది ఆవిడ. "రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. ఏ లారీ వెలుగు గోడ మీద పడినా, అదేనేమో... ఆ లారీయేనేమో అనిపించేది. ఒకనాడు మొగుడూ పెళ్ళాం చంటిపిల్లతో స్కూటరు మీద ఇటునుంచి వస్తున్నారు. పైనుంచి లారీ దూసుకొస్తోంది. నేను అరిస్తే ఎవరికి వినపడుతుంది? ఆయన విజిల్ మేకుకి వేలాడుతోంది. తీసి ఊదాను." చేతిలో విజిల్ వంక చూసుకుంది. "లారీ ఆగింది. చంటిది నవ్వుతోంది కూడాను."

"అప్పట్నుంచీ రోజూ మీరేనా అమ్మా?"

"రోజూ నావల్ల ఎక్కడవుతుంది? పక్కవాటాలో టైలరు రెండు రాత్రులు పడతాడు. ఎదురుమేడలో బ్యాండులో బాకా ఊదే ఆయన ఉన్నాడు — మంచి ఊపిరి. వంతులేసుకున్నాం."

ఊరంతా హడలిపోయే దెయ్యానికి షిఫ్టులున్నాయి! డిపార్టుమెంటులో కుదరని వారపు సెలవులు కూడా ఉన్నాయి!

"మరి మాకెవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవారు? విజిల్ ప్రభుత్వానిది, తిరిగి ఇచ్చెయ్యమనేవారు" అంది ఆవిడ. మళ్ళీ దగ్గు తెర వచ్చింది. తగ్గాక విజిల్‌ని కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. "ఈ రాత్రికి నువ్వు చూడు నాయనా."

ఆవిడ లోపలికి వెళ్ళి పడుకుంది. మా బావ దుప్పటి చాటున కూచున్నాడు. వెలుగు దిగింది. పెద్ద లారీ, నిండా ఇటుకలు. ఆయన కళ్ళు మూసుకుని ఊదాడు — ఒకటి పొడుగు, రెండు పొట్టి.

లారీ ఆగింది.

ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో ఆయన విజిల్‌కి ఆగిన మొదటి బండి అది. మా బావ ఏడ్చాడట. నవ్వనని నాచేత ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు.

అప్పట్నుంచీ ఆయనా వంతుల్లో చేరాడు. యూనిఫారంలో నడిరోడ్డు మీద సాధించలేనిది, దుప్పటి చాటున సాధిస్తున్నాడు. ఆవిడకి ఒంట్లో కుదుటపడ్డాక కూడా ఆయన వంతు రాత్రుల్లో వచ్చి పక్కన కూచునేది. ఇద్దరూ దీపం లేకుండా హెడ్డుగారి కబుర్లు చెప్పుకునేవారు.

అలాంటి ఒక రాత్రి, వాలు మీదనుంచి ఒక బండి యమస్పీడుగా వచ్చింది. మా బావ అలవాటుగా ఊదేశాడు. బండి ఊగిపోయి ఆగాక గానీ చూసుకోలేదు — డిపార్టుమెంటు జీపు.

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు దిగాడు. ఒంటరిగా. ఎక్కడో విందునుంచి వస్తున్నట్టున్నాడు, అడుగు తిన్నగా పడడం లేదు.

దొరికిపోయాం అనుకున్నాడు మా బావ.

ఇన్‌స్పెక్టరు పైకి చూడలేదు. నేరుగా దిమ్మ దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, తల వంచుకున్నాడు.

"హెడ్డుగారూ..." అన్నాడు. "మీరెందుకు తిరుగుతున్నారో నాకు తెలుసు."

పైన ఇద్దరూ దుప్పటి చాటుకి ఒదిగారు.

"లారీ నంబరు సగం చూసినవాడు ఒకడున్నాడు. మర్నాడే నా దగ్గరికొచ్చి చెప్పాడు. కానీ ఆ నెల పెండింగు కేసులు మరీ ఎక్కువైపోయాయి. మీటింగులో మాట పడాల్సొస్తుందని... ఆచూకీ దొరకలేదని కేసు మూయించేశాను. వెతికితే దొరికేదే. వెతకలేదు."

చీకట్లో ఆవిడ చెయ్యి వచ్చి మా బావ మణికట్టు పట్టుకుంది. ఐసులా ఉంది. పట్టు బిగుస్తోంది.

"ఏం చెయ్యమంటారు? చెప్పండి..." ఇన్‌స్పెక్టరు ఏడుస్తున్నాడు. "ఏం చేస్తే వదుల్తారు నన్ను?"

గాలి లేదు. కుక్కల అరుపు లేదు. ఆ కాసేపూ ఒక్క బండి కూడా రాలేదు.

అప్పుడు...

"తెరువు..."

గుసగుస. అంతే. ఒక్క మాట.

ఇన్‌స్పెక్టరు వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నాడు. టోపీ వెనకది ముందుకి పెట్టుకుని, దిమ్మకి సెల్యూట్ కొట్టి, జీపెక్కాడు. ఇండికేటరు వేసి, అటూ ఇటూ చూసి, మహా మర్యాదగా మలుపు తిరిగాడు.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రాత్రి మా బావ ఆవిణ్ణి పలకరించలేదు. ఏమని పలకరిస్తాడు?

ఇన్‌స్పెక్టరు ఇంటికి పోలేదు. తిన్నగా స్టేషనుకి వెళ్ళి, నిద్రపోతున్న సెంట్రీని లేపి, ఆ కేసు బయటికి తీయించాడు. తెల్లారేసరికి నంబరు చూసినవాణ్ణి పిలిపించాడు. చుట్టుపక్కల ఊళ్ళకి మనుషుల్ని పంపించాడు. అంతలా పని చెయ్యడం స్టేషన్లో ఎవరూ చూడలేదు. కాఫీలు అందించలేక క్యాంటీనువాడు చేతులెత్తేశాడు. లారీ దొరికింది. ఎక్కడో షెడ్డులో, కొత్తరంగు వేసుకుని. రంగు గీకితే కింద సొట్ట అలాగే ఉంది. డ్రైవరు ఒక్క మాట కూడా దబాయించలేదట. వీళ్ళు అడక్కముందే ఏడ్చేశాడు.

తరవాతి మీటింగులో ఇన్‌స్పెక్టరు చదువుతుంటే పైఅధికారి మళ్ళీ చెయ్యెత్తాడు.

"మూసేసిన కేసు ఎలా పట్టారయ్యా?"

"విశ్వసనీయమైన సమాచారం వచ్చింది సార్."

"ఎవరిచ్చారు?"

ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం తిరగేశాడు. "పేరు బయటపెట్టకూడదు సార్."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా బావే.

ఆ సాయంత్రం ఆయన ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాడు. దీపం వెలుగుతోంది. వసారాకి అడ్డంగా దుప్పటి లేదు. ముఖం తేటపడి, నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళినట్టుంది ఆవిడ. కాఫీ ఇచ్చి ఎదురుగా కూచుంది. ఆ రాత్రి గురించి ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"ఎంత మాట అన్నారమ్మా ఆ రాత్రి!" అన్నాడు మా బావ. "ఒక్క మాటతో డిపార్టుమెంటునే కదిలించారు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"నేనా? నాకు ఏడుపు అడ్డం పడి మాటే పెగల్లేదు నాయనా. అన్నది నువ్వు కాదూ? ఎంత తెగించాడో ఆయన శిష్యుడు, అనుకున్నాను..."

మా బావ కిందనున్న ఖాళీ దిమ్మ వంక చూశాడు.

"అప్పుడు నా పళ్ళ మధ్య విజిల్ ఉందమ్మా."