గీత దాటని మనిషి

కొత్తరేవులో వీధులు తేలతాయి. సముద్రం పాత ఊళ్లను మింగేశాక, గోదావరి మొగలో తెప్పల మీద కట్టిన ఊరది. పొద్దున ముగ్గేసిన గుమ్మం మధ్యాహ్నం పోటుకి జానెడు పైకి లేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. అందరికీ బెంగల్లా తెప్పల కింద నిలిచే మురుగు గురించే. అక్కడ పుట్టే దోమ బోదకాలు క్రిమిని ఇంటింటికీ మోస్తుంది. 2091లో కూడా ఇంకా దోమేనా అని ముక్కున వేలేసుకోకండి. ఊళ్లు తేలాయి గానీ దోమ ఎక్కడికీ పోలేదు.

ఆ క్రిమి వంశాన్ని లెక్కలతో తుడిచెయ్యొచ్చని పట్టుబట్టింది డాక్టర్ చేతన. ఆవిడ తయారుచేసిన యంత్రం పేరు క్రిమిగణకం. వీధివీధికీ పెట్టిన వలల్లో పడ్డ దోమల్ని పరీక్షించి, ఏ వీధి మనుషుల ఒంట్లో సగటున ఎన్ని పురుగులున్నాయో అది చెప్పేస్తుంది. నెత్తుటి చుక్కలో దొరకనంత తక్కువ ఉన్నా దోమలు పట్టిస్తాయి. దాని తెర మీద ఎర్రగా ఒక గీత ఉంటుంది. చేతన దానికి తెంపుగీత అని పేరు పెట్టింది. సగటు ఆ గీత కిందికి దిగితే ఆడపురుగుకి మగపురుగు దొరకదు, పిల్లలు పుట్టరు, వంశం అక్కడితో సరి. గీతకి పైన ఒక్క మనిషి మిగిలిపోయినా, రెండేళ్లు తిరిగేసరికి ఊరంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఆరేళ్ల నుంచీ ఏడాదికోసారి మాత్రల వారం. చేతన తనే గడప గడపకీ వెళ్లేది. ఒంట్లో క్రిమి ఉన్నవాళ్లు మాత్ర వేసుకుంటే, లోపల పురుగులు చస్తుంటే, జ్వరం తగులుతుంది. అందుకు జడిసి జనం మాత్రని బుగ్గన దాచేసేవారు. వాళ్లకి ధైర్యం చెప్పడానికి ప్రతి గుమ్మంలోనూ ముందు చేతన తనే ఒకటి గుటుక్కున మింగేది. "చూడండి, రోజూ మింగుతున్నాను. నాకేమైనా జ్వరమొచ్చిందా?" అనేది. ఆ తర్వాత వాళ్లచేత మింగించి, నాలిక ఎత్తి చూపించమనేది.

ఈ ఏడు ఊరంతా గీత కిందికి దిగింది, ఏడో వీధి తప్ప. అక్కడ మిగిలింది ఒక్కరేనంది గణకం, నూకరత్నం పేరు చూపించింది. మొదటి ఏడాది నాలిక కింద మాత్ర దాచి దొరికిపోయిన మనిషి ఆవిడ. గీతకి పైన మిగిలిన చివరి మనిషిని, మాత్ర మింగినా సరే, ఏడాదిపాటు దోమతెరలు కట్టిన పడవ మీద విడిగా ఉంచాలని నిబంధన. రాసింది కూడా చేతనే. ఈ రోజు నాలుగింటికే ఆ పడవొస్తుంది.

ఆ కబురు చెప్పడానికి మధ్యాహ్నం ఏడో వీధికి వెళ్లింది. ముసలావిడ అరుగు మీద వల అల్లుకుంటోంది.

"ఆ ఒక్క ఏడే దాచానమ్మా. మరుసటేడు మింగి వణికి చచ్చాను కదా, నువ్వే కదా తడిగుడ్డేశావు?" అంది నూకరత్నం.

"నేనేం చెయ్యను మామ్మా? లెక్క నీ ఇంటి దగ్గరే ఆగింది."

"ఏడాదంటే నీకు చిన్నమాట. నాకు డెబ్బై ఎనిమిది. మళ్లీ ఈ అరుగు చూస్తానో లేదో." వల పక్కన పెట్టి లేచింది. "సరేలే, టీ పెడతాను. పొద్దు వాలితే రోజూ ఇక్కడే కదా కూచుంటావు, రేపట్నించి ఎవరిస్తారు నీకు?"

చేతన టీ సగంలోనే కింద పెట్టేసింది. నిజమే, ఊరు తిరిగి అలిసిపోయి, దోమలు ముసిరేవేళకి తను కూచునేది ఈ అరుగు మీదే. లెక్క ఇంకోసారి చూడాలనిపించింది. గబగబా కార్యాలయానికి వచ్చి గణకం ముందు నిలబడింది.

"ఏడో వీధిలో మిగిలింది నూకరత్నమేనా? ఖాయమేనా?"

"నూటికి అరవై పాళ్లు. నా జాబితాలో అంతకన్నా సరిపోయేవారు లేరు," అంది గణకం.

"మిగతా నలభై?"

"జాబితాలో లేనివారు. మాత్రలు పంచే సిబ్బంది. వారు తప్పకుండా మింగుతారని మొదటి ఏడే మీరు రాశారు. ఈ కార్యాలయం వలలో కూడా క్రిమి ఉన్న దోమలు పడ్డాయి. ఇది సిబ్బంది ఉండే చోటు కాబట్టి లెక్కలోంచి తీసేశాను."

చేతనకి నవ్వొచ్చింది. సిబ్బంది అంటే తనొక్కతే. రోజుకి అరవై గుమ్మాల్లో మింగే మనిషి! నవ్వుతూనే కోటు జేబులోకి చెయ్యి పెట్టింది, నవ్వు ఆగిపోయింది. కుడిజేబులో అసలు మాత్రలు. ఎడమజేబులో పంచదార బిళ్లలు. రోజుకి అరవై అసలువి మింగితే మనిషి దక్కదు కదా, అందుకని గుమ్మాల్లో తను మింగేవన్నీ పంచదారవే. మరి తన వంతు అసలుది? ఏటా మాత్ర మింగినవారి పట్టీలో మొదటి పేరు తనదే, పక్కన 'మింగారు' అని తన చేతిరాతే. ఎప్పుడు మింగింది? ఇంటికెళ్లి వేసుకుందాంలే అనుకోవడం గుర్తుంది. వేసుకోవడం మాత్రం ఒక్క ఏడాదిది కూడా గుర్తుకు రాలేదు. అరవైసార్లు మింగినట్టు నటించేసరికి మింగేశాననే అనుకుంది, పిచ్చిది. రోజూ ఆ అరుగు మీద తనని కుట్టిన దోమలే ఏడో వీధి వలలో పడ్డాయి.

"సవరించమంటారా?" అంది గణకం.

గడియారం మూడున్నర చూపిస్తోంది. నిజం చెప్పొద్దూ, పాడు ఆలోచన రానే వచ్చింది. గుట్టుగా ఇప్పుడొకటి వేసుకుంటే? వచ్చే ఏటికి సగటు దానంతటదే గీత కిందికి దిగుతుంది, ముసలావిడ వెళ్లినందుకే దిగిందనుకుంటారు. ఎవడడుగుతాడు? అరుగు మీద సగం అల్లిన వల కళ్లముందు కదిలింది.

"సవరించు," అని పరుగు తీసింది.

పడవ అప్పటికే ఏడో వీధి చివర ఆగి ఉంది. నూకరత్నం మూట కట్టుకుని అరుగు మీద కూచుంది. చేతన రొప్పుతూ అంతా చెప్పేసింది, పంచదారతో సహా. ముసలావిడ తిడుతుందనుకుంది. ఆవిడ చెయ్యి చాపింది.

"ఇలా తే బిళ్ల." తీసుకుని, అంచు కొరికి చూసి, మొహం చేదుగా పెట్టింది. "ఆఁ, ఇది అసలుదే. వేసుకో నా ఎదట."

చేతన మింగింది.

"నోరు తెరు. నాలికెత్తు."

ఎత్తింది. వీధిలో జనం మూగి చూస్తున్నారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

దీపాలు పెట్టేవేళకి చేతన పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలయింది. నూకరత్నం తడిగుడ్డ నుదుటి మీద వేసింది.

"నీకు జ్వరమే రాదంటివి కదమ్మా, ఆరేళ్ల నుంచీ!"

కళ్లు మూసుకున్నా చేతన కన్నీళ్లు ఆగలేదు. రేవులో పడవ ఇంకా కదల్లేదు. అందులో వెళ్లాల్సిన మనిషి చీటీలో పేరొక్కటే మారింది. ముసలావిడ తన మూట విప్పి, దుప్పటి తీసి, చేతన పక్కన పెట్టింది.

"పట్టుకెళ్లు. ఆ తెరల్లో తెల్లారుజామున చలేస్తుందంట."