సీసా మీది బొమ్మ

శనివారం ఉదయం ఏడున్నరకే తిలకవతి చేతిలో దువ్వెన పన్ను విరిగింది. ఆ వారంలో అది మూడో పన్ను.

"నొస్తా ఉండాదమ్మా!" అని అరిచింది అభినయ.

"కదలకుండా కూర్చో. ఇంకా రెండు చిక్కులే."

"రెండు చిక్కులని చెప్పి అరగంటాయె."

పదమూడేళ్ళ అభినయ జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా, లాగితే సాగి వదిలితే మళ్ళీ చుట్టుకునే రకం. బళ్ళో తోటిపిల్లలు 'సురుట్టై', అంటే అరవంలో ఉంగరాల తల, అని పిలుస్తారు. ఆ జుట్టును రెండు జడల్లోకి తేవడానికి తిలకవతి చెయ్యని ప్రయత్నం లేదు. కిటికీ గట్టు మీద సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటి మీదా పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి, మోకాళ్ళదాకా జారే జడ, కింద 'భారతీయ స్త్రీల కేశాల కోసం ప్రత్యేకంగా' అనే మాట. ఆ మాట కనిపిస్తే చాలు, తిలకవతి చెయ్యి దానంతటదే సీసా మీదికి పోయేది. మనకోసమే చేశారు కదా అన్న ధైర్యం.

వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు సత్యవతి తల ఎత్తకుండానే అంది. "ఎందుకే ఆ పిల్లని అలా పీక్కు తింటావ్? పదకొండింటికి పార్లర్‌వోళ్ళు సాపు చేసేత్తారు కదా. మావైపు ఇలాంటి జుట్టు లేదమ్మా. మా పిల్లలకి జడేస్తే తాచుపామే. ఇదంతా మీ అరవ నీళ్ళ మహిమ."

"మేమేం అరవోళ్ళం కాదత్తా. మాదీ తెలుగిల్లే."

"తెలుగే, ఎవరు కాదన్నారు? నాలుగొందల ఏళ్ళు ఊరబెట్టిన తెలుగు."

పేపరు వెనక నుంచి పవన్‌కుమార్ నసిగాడు. "అమ్మా, పొద్దున్నే ఎందుకే..."

"నువ్వు పేపర్ చదువుకోరా."

అతను చదువుకున్నాడు. యానాం నుంచి ఉద్యోగరీత్యా పుదుచ్చేరి వచ్చి, ఇక్కడ తరతరాలుగా వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు కుటుంబంలో పిల్లను చేసుకున్న రోజు నుంచీ, అమ్మకూ భార్యకూ మధ్య అతను చదివిన పేపర్లకు లెక్కలేదు.

రేపు సాయంత్రం అందరూ యానాం బయలుదేరాలి. సత్యవతి తమ్ముడు బుల్లిరాజు కొత్త ఇంటికి గృహప్రవేశం. అభినయను అక్కడివాళ్ళు చూసి అయిదేళ్ళయింది. ఈసారి నలుగురూ నాలుగు మాటలు అనకముందే జుట్టు తిన్నగా చేయించాలని అత్తగారు పట్టుబట్టింది. తిలకవతి ఒప్పుకుంది. ఊళ్ళోనే సారం అనే పేటలో పార్లరు మాట్లాడింది కూడా తనే.

ఒప్పుకుంది గానీ నాలుగు రోజులుగా ఆవిడ మనసు ఒకచోట నిలవడం లేదు. తాళం వేసిందో లేదో రెండుసార్లు చూసుకుంటోంది. సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసింది. పుట్టింట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఆవిడ. ఒక ప్రైవేటు బళ్ళో కెమిస్ట్రీ చెబుతుంది. ఆ పార్లరు మందు వెంట్రుక లోపలి ముడులను తెంచి, వేరేగా అతికిస్తుందని ఆవిడకు బాగా తెలుసు. పాఠంగా చెప్పింది కూడా. ఆ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక గిన్నె తోముతోంది.

"చాలమ్మా. నా తల నేనే చూసుకుంటా." అభినయ విసురుగా లేచి స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ముప్పావుగంట దాటినా రాలేదు. తిలకవతి గడియారం చూసింది, తలుపు తట్టింది, మళ్ళీ గడియారం చూసింది. తొమ్మిదింటికి గడియ తీసిన చప్పుడైంది.

అభినయ బయటికి వచ్చింది. జుట్టంతా నేతిలో ముంచి తీసిన వత్తుల్లా జిడ్డోడుతూ భుజాలకు అంటుకుపోయి ఉంది. చేతిలో, జుట్టుకు రాసుకునే వెన్నలాంటి ముద్ద ఉన్న గుండ్రటి డబ్బా. దాని మూత మీద ఒక నల్లజాతి యువతి. తల చుట్టూ ఉంగరాల జుట్టు పెద్ద గొడుగులా విచ్చుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"ఏందది? యాడ కొన్నావు?" అంది తిలకవతి.

"వైట్ టౌన్‌లో, ఆ ఫ్రెంచి వీధుల్లో. పోయిన వారం బడి వాళ్ళు తీసుకుపోయినప్పుడు."

సత్యవతి డబ్బా అందుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "ఎవరే ఈవిడ? ఆఫ్రికావోళ్ళు రాసుకునేది నువ్వు రాసుకోటవేంటే? మనవెవరం, వాళ్ళెవరు? రేపు మావాళ్ళు చూస్తే నా పరువేం కావాలి?"

"మనవెవరం నానమ్మా? ఆమె జుట్టు చూడు, నా జుట్టు చూడు." అభినయ కిటికీ వైపు చెయ్యి చూపించింది. "ఆ సీసాల మీద ఒక్కదాని మీదైనా నాలాంటి మనిషి ఉండాదా? పుట్టినప్పటినుంచి చూస్తా ఉండా. ఈమె ఒక్కతే ఉండాది."

"ఆహా! మరి రాసుకుంటే ఆవిడలా ఎందుకు రాలేదే? ఇడ్లీ మీద నెయ్యి ఒలకబోసినట్టుంది నీ తల!"

అభినయ జిడ్డుపాయ ఒకటి పట్టి చూసుకుంది. ఎందుకు రాలేదో ఆ పిల్లకూ తెలియదు. ఎంతో నమ్ముకుని పూసుకుంది. అద్దంలో ఆ నవ్వే అమ్మాయి కనిపిస్తుందనుకుంది.

"చాలించండి!" తిలకవతి గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "అభీ, నోరు మూసుకుని తల కడుక్కో. పదకొండుకు పోతా ఉండాం. ఈ తల వల్ల నేను పడిన మాటలు చాలు."

"నా తల వల్లనా?"

"నీ తల వల్లే! పదమూడేళ్ళుగా! మావైపు మీవైపు అని వినీ వినీ నా చెవులు చిల్లులు పడినాయి."

పవన్‌కుమార్ పేపరు మడిచాడు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు. అది ఎంతకీ అందుకోవడం లేదు.

అభినయ ఏడవలేదు. తిలకవతికి భయం వేసింది అందుకే. "అయితే ఒక పని చెయ్యండి," అంది ఆ పిల్ల, ఇంటిపాఠం ఒప్పజెప్పినట్టు. "మొట్టై కొట్టించండి, నున్నగా గుండు. అప్పుడది ఈ వైపుదీ కాదు, ఆ వైపుదీ కాదు. అమ్మను ఎవరూ మాట అనరు."

సత్యవతి చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి, మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "రా. ముందు ఆ జిడ్డు వదలాలి. ఇలాగే తీసుకెళ్తే పార్లర్‌వోళ్ళు మన ఇంటిని తిట్టిపోత్తారు."

పెరట్లో కొళాయి దగ్గర బట్టలుతికే బండ మీద మనవరాలిని కూర్చోబెట్టింది. తిలకవతి వేడినీళ్ళు తొరిపి తెచ్చి చెంబుతో పోస్తోంది. సత్యవతి కుంకుడు రసం పట్టించి రుద్దింది. జిడ్డు వదిలేకొద్దీ తెగిన వెంట్రుకలు ఆవిడ అరచేతికి అంటుకుంటూ వచ్చాయి. పొట్టి పొట్టి ముక్కలు. చెయ్యి వెలుగుకు పెట్టి చూసుకుంది.

"ఏంటే, ఇలా తెగిపోతందేంటే?"

"రోజూ అంతే నానమ్మా. దువ్వెనలోది అమ్మ ఉండచుట్టి పారేస్తుంది. నీకు చెప్పదు."

తిలకవతి ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

సత్యవతి ఒక్క వెంట్రుకను వేళ్ళ మధ్య పట్టి మెల్లగా నలిపింది. తుడిచి, దాని మీద వేలికొసతో నీటిచుక్క వేసి చూసింది. తర్వాత ఆవిడ చేతుల తీరే మారిపోయింది. రుద్దడం మానేసి, జుట్టును పాయలు చేసి, కొసల దగ్గర మొదలుపెట్టి, వేళ్ళతోనే విడదీస్తూ పైకి పోతోంది. ఎక్కడా తడుముకోవడం లేదు. అభినయ మెడ బిగువు సడలింది.

"పొడిపీచుని దువ్వితే తెగక ఏం చేస్తది," అని సత్యవతి తనలో తాను గొణుక్కుంది.

"ఏ పీచు అత్తా?"

సత్యవతి ఇంకో పాయ అందుకుంది. "కొబ్బరి పీచు. మా పుట్టింట్లో కాలవగట్టున డొక్కలు నానేసి, కొట్టి, పీచు తీసి తాడు పేనేవోళ్ళం. పెళ్ళయ్యేదాకా నా పని అదే."

పెరటి గుమ్మంలో పవన్‌కుమార్ నోరు తెరిచి నిలబడ్డాడు. "నువ్వు తాడు పేనేదానివా? నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"ఏం చెప్పమంటావురా? కాపరానికెళ్ళిన రోజు మీ నాన్నమ్మ నా అరచేతులు తిరగేసి చూసింది. కాయలు కాసి ఉన్నాయి. 'పీచోళ్ళ పిల్ల' అంది. ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లో నాకు అదే పేరు." తడి జుట్టులో ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. "ఆవిడ అన్నప్పుడల్లా అనుకునేదాన్ని, నేను మాత్రం ఏ పిల్లనీ ఇలా..."

కొళాయి ఒక్కటే కారుతోంది.

"ఆ పీచు పని ఎట్లా చేసేవాళ్ళు నానమ్మా?" అని అడిగింది అభినయ, తల వంచుకునే.

సత్యవతి వేళ్ళు మళ్ళీ కదిలాయి. "ఎలాగంటే, డొక్క చేతికొచ్చాక అది ఎవరి తోటదని అడగం. పీచు లావా, సన్నవా? నీళ్ళు తొందరగా తాగుద్దా, నిదానంగానా? అంతే చూత్తాం. దాన్ని బట్టే నానబెట్టటం." పాయ ఎత్తి కోడలికి చూపించింది. "ఇదిగో, ఇది బాగా సన్నం తిలకా. చుక్కేస్తే పైనే నిలబడింది. నిదానంగా తాగే రకం. దీని మీద అంత వెన్న దట్టిస్తే ఎక్కడికి పోద్ది? పైనే కూచుంటది. నువ్వు పూసే నూనె కూడా అంతే. నేను పూయమన్న ఆముదవూ అంతే."

తిలకవతి చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. సీసాలన్నీ కొంగులో వేసుకుని, నల్లజాతి అమ్మాయి డబ్బాతో సహా తెచ్చి గట్టు మీద పెట్టింది. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, కళ్ళు చిట్లించి ఆ చిన్న అక్షరాలు చదవసాగింది.

"క్లాసులో నువ్వే గదమ్మా అరుస్తావు," అంది అభినయ. "రంగు చూసి సీసా తియ్యద్దు, పేరు చదివి తియ్యండని."

"ఊ." తిలకవతి ముఖం ఎర్రబడింది. పదమూడేళ్ళు! ముప్పైమంది పిల్లలకు రోజూ చెప్పే మాట, సొంత పిల్ల తల దగ్గరికి వచ్చేసరికి పాటించలేదు. "ఈ షాంపూలో నీళ్ళ తర్వాత రెండో పేరే గట్టి నురగమందు. ఉన్న కాస్త తడీ లాగేస్తుంది. ఈ నూనెలో ముప్పాతిక వంతు మినరల్ ఆయిలే. నీ డబ్బాలో మొదటిదే గింజల నుంచి తీసిన గట్టి వెన్న, లావు జుట్టుకు బాగుంటుంది, నీది ఓర్చుకోలేదు." చివరి సీసాను ముందుకూ వెనక్కూ తిప్పింది. "భారతీయ స్త్రీలు అన్న మాట ఈ వెనకపక్క యాడా లేదత్తా. ఆఫ్రికా అన్న మాటా లేదు. అంతా ముందుపక్కే."

పవన్‌కుమార్ లోపలికి పోయి మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. వెనక దాచిన చేతిలో ఒక తెల్లసీసా ఉంది. "ఇదేమైనా పనికొస్తుందేమో చూడు. షాంపూ అనుకుని తెచ్చాను. నాలుగుసార్లు రుద్దినా నురగే రాలేదు. నువ్వు తిడతావని బీరువా మీద పడేశాను."

తిలకవతి చూసింది. "ఇది కండిషనరండీ! నురగ యాడినుంచి వస్తుంది?"

"నాలుగుసార్లు రుద్దావా నాన్నా?" అభినయ పకపకా నవ్వింది. సత్యవతి కూడా చెంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సీసా మీద బంగారు రంగు జుట్టు తెల్లపిల్ల. గీత గీసినట్టు తిన్నని జుట్టు. తిలకవతి వెనక వైపు మొత్తం చదివింది. నీళ్ళు, తేలికపాటి మెత్తదనం ఇచ్చేవి, వెన్న లేదు, మినరల్ ఆయిల్ లేదు.

"బొమ్మ చూస్తే అసలు మనది కాదు," అంది అనుమానంగా.

"బొమ్మకేంటే? దాని మొహం అటు తిప్పి ఇటు పొయ్యి." సత్యవతి చెయ్యి చాచింది.

వేడినీళ్ళతో తడిపి, కాస్త కాస్త తీసుకుని, ఒక పాయ అత్తగారు, ఒక పాయ కోడలు పట్టారు. వేళ్ళు సాఫీగా జారుతున్నాయి. నీళ్ళు పిండి వదిలేసరికి జుట్టు దానంతటదే పొట్లతీగ కొసల్లా చుట్టుకుంటూ పైకి లేచింది. ఎడమ చెవి వెనక ఇంకా చిందరవందరగానే ఉంది. ఒకపక్క అణిగిపోయింది. అయినా తెగిన ముక్కలు ఈసారి అరచేతిలో రెండో మూడో ఉన్నాయంతే.

"ఇందాక నీ తల వల్ల అన్నాను గదా," తిలకవతి పాయ విడదీస్తూనే చిన్నగా అంది. "నీ తల వల్ల కాదు. నాకు బదులు చెప్పడానికి ధైర్యం లేక."

"పోమ్మా. నీళ్ళు చల్లారతా ఉండాయి, పొయ్యి." కానీ అభినయ తడిచెయ్యి వెనక్కి వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది. "నానమ్మా, యానాంలో మీ తమ్ముడు ఏమన్నా అంటే?"

"బుల్లిరాజా? అననీ చూద్దాం. నాతో కూచుని తాడు పేనినోడే వాడూ."

పదకొండుంపావుకు ఫోను మోగింది. పార్లరు నుంచే. అందరికంటే దగ్గరున్న సత్యవతి చెయ్యి తుడుచుకుని తీసింది. ఈ ఊరికి వచ్చాక అరవం నేర్చుకోనని పంతం పట్టిన మనిషి, ఇప్పుడు 'వద్దు' అనే మాటకోసం వెతుక్కుంది. "హలో... వేణామమ్మా, వేణాం." ఫోను మూసి పట్టుకుని అడిగింది. "జుట్టుని అరవంలో ఏవంటారే?"

"ముడి, నానమ్మా."

"ఆ. ముడి వేణాం... అయ్యో కాదు, కాదు! ముడి వేణుం, కావాలి! సాపు చెయ్యటం వేణాం!"

ఫోను పెట్టేసి, ఎండ తగిలేలా మనవరాలిని గట్టు మీదికి జరిపి, తానూ పక్కన కూలబడింది. చాలాసేపు ఆ జుట్టునే చూసింది. తిలకవతి పెళ్ళికి ఏడాది ముందే పోయిన ఆమె తల్లి, వియ్యపురాలు మహాలక్ష్మిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. దెప్పడానికి తప్ప ఆమె మాట ఎత్తిందీ లేదు.

"మీ అమ్మకీ ఇలాగే ఉండేదా తిలకా?"

తిలకవతి పిల్ల భుజాలు తుడుస్తున్న తువ్వాలు పక్కకు తీసింది. "ఉండేది అత్తా. ఆమె ఎప్పుడూ ఆముదం దట్టించి, బిగించి కొప్పు పెట్టుకునేది. ఒక్క ఉంగరం బయటికి రానిచ్చేది కాదు. విప్పింది ఒక్కసారే చూశాను." తువ్వాలు కొస వేలికి చుట్టుకుంది. "పోయిన రోజు. నీళ్ళు పోసినప్పుడు. నూనె అంతా వదిలి ఉంగరాలు ఉంగరాలుగా లేచింది... ఎంత బాగుండిందత్తా! ఇది మా అమ్మ తలేనా అని చూస్తా నిలబడినా. బతికుండగా ఒక్కసారైనా చెప్పలేదే నేను..."

ఏడుస్తున్న కోడలి చెయ్యి పట్టి సత్యవతి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏడు. ఏడ్చి చెప్పు," అంది. "ఆవిడ ఎలా ఉండేదో చెప్పు. నేను ఎప్పుడూ అడగలేదు."

తిలకవతి కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. అభినయ జుట్టు ఆరడానికి చాలాసేపు పట్టింది. అది పూర్తిగా ఆరేదాకా ఆవిడ చెబుతూనే ఉంది.