బెర్గెన్‌లో బర్మా గొంతు

ఓస్లో రేవులో చిట్ మ్యో శవం తేలినప్పుడు దాని చేతులకు ఉన్న గ్లవ్స్ నార్వే రహస్య పోలీసు హాల్వర్‌వి. ముందురోజు చలికి వణుకుతుంటే తనే తీసి ఇచ్చాడు. ఆ బర్మా విద్యార్థికి కాపలా ఉన్నదీ తనే.

ఏడాదైంది. ఇప్పటికీ ఏ గదిలో అడుగుపెట్టినా, తడి బూట్లతో ఎవరో తన వెనకే వచ్చి నిలబడినట్టు ఉంటుంది.

"ఇది విను," అంది పై అధికారి ఓడ్నీ, టేప్ రికార్డర్ మీట నొక్కుతూ.

ఆడగొంతు. బర్మీస్. పిల్లలకు అన్నం తినిపిస్తూ మాట్లాడుతున్నంత నెమ్మది.

"బెర్గెన్‌లో బర్మా మిత్ర సంఘం బర్మాకి వినిపించే రేడియోకి పంపే టేపు. టీచర్లు, నర్సులు, చేపల ఫ్యాక్టరీ వాళ్లు కలిసి నడిపే సంఘం. ఈ గొంతు ఎవరిదో మనకే తెలీదు. బర్మా సైనిక పాలకుల ఏజెంట్లు మాత్రం తీదా అనే నర్సుదని అనుమానిస్తున్నారు. వాళ్లమ్మ మాండలేలో ఉంది. శనివారం సభలో తీదా బర్మీస్‌లో మాట్లాడుతుంది. ఆమే అని తేలితే తల్లిని ఎత్తుకుపోతారు."

"సభ ఆపేస్తే?"

"భయపడి దాక్కుందంటారు. కబురు అందకపోయినా తల్లిని వదలరు. 'ఆమె కాదు' అన్న మాట వెళ్లాలి. అదీ వాళ్ల మనిషి నోటి నుంచే."

"ఎవరా మనిషి?"

ఓడ్నీ ఒక ఫోటో ముందుకు తోసింది. బర్మా నాట్యకత్తె నందార్. బెర్గెన్‌లో ఆమె ప్రదర్శనంటే టికెట్లు దొరకవు. అప్పుడప్పుడు హాల్వర్‌కూ సమాచారం ఇచ్చేది.

"రెండువైపులా ఉందా?"

"తమ్ముడు వాళ్ల జైల్లో ఉన్నాడు. ఇంకేం చేస్తుంది?"

శనివారం మధ్యాహ్నం. చర్చి కింద హాలు. హాల్వర్ దొంగపేరు చెప్పుకుని, ఏప్రన్ కట్టుకుని వంటగదిలో కాఫీ కాస్తున్నాడు. చెవిలో వినికిడి యంత్రంలా కనిపించేది రేడియో రిసీవర్.

"వాళ్ల ఏజెంటు బూడిదరంగు కారు వచ్చింది," అంది అందులోంచి ఓడ్నీ. "నందార్ కొప్పులో వెండిపిన్ను చూడు. అదే ట్రాన్స్‌మిటర్."

పక్కన సంఘం అధ్యక్షురాలు ఎల్బ్యోర్గ్ వాఫల్ అట్లు వేస్తోంది. రిటైరైన స్కూలు టీచర్.

"కాఫీ అంత పల్చగా పెడితే సభ్యులు రాజీనామా చేస్తారు నాయనా," అంది. "పోలీసు ఆఫీసుల్లో ఇలాగే తాగుతారా?"

హాల్వర్ చెయ్యి ఆగిపోయింది. ఇక దాచి లాభం లేదు. తీదా సంగతి, మాండలేలో ఉన్న తల్లి సంగతి చెప్పేశాడు.

ఎల్బ్యోర్గ్ స్టవ్ ఆపేసింది.

"ఆ పిల్ల గొంతు కాదది. నాది."

హాల్వర్‌కు నవ్వొచ్చింది. ఆమె బర్మీస్‌లో ఒక్క వాక్యం పలికింది. టేపులోని మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

"మా నాన్న బర్మాలో, మౌల్‌మేన్ ఊళ్లో కలప కంపెనీ గుమాస్తా. నన్ను పెంచింది బర్మా ఆయా. యుద్ధంలో పోయింది. మైకు ముందు కూర్చుంటే నేను మాట్లాడను నాయనా. ఆమే వచ్చి మాట్లాడుతుంది. నేను అడ్డు తప్పుకుంటానంతే."

"ఇవాళ వేదికెక్కితే మీ వెంట పడతారు."

"పడనీ. పట్టుకుపోవడానికి అక్కడ నా వాళ్లెవరూ బతికి లేరు."

"నేను కాపాడతానని మాటివ్వలేను. ఇదివరకు ఒకడికిచ్చాను."

"తెలుసు. ఓస్లో వెళ్లకముందు చిట్ మ్యో ఇక్కడే ఆ బల్ల మీద తినేవాడు." ఆమె ఏప్రన్ విప్పింది. "మాట అడగలేదు. దారి వదులు."

హాల్లో తీదా అప్పుడే వేదిక దగ్గరికి నడుస్తోంది. నందార్ చెయ్యి కొప్పు మీదికి వెళ్లింది. ఎల్బ్యోర్గ్ తీదా భుజం తట్టి కూర్చోబెట్టి, మైకు తీసుకుంది.

ఆ పాతకాలపు బర్మీస్ వినిపించగానే హాలు కొయ్యబారిపోయింది. ముందు వరసలో ఒక ముసలాయన లేచి నిలబడి, ఎవరి కోసమో తలుపు వైపు చూశాడు.

హాల్వర్ నందార్ పక్కన చేరాడు. కోటు కింద చెయ్యి పిస్తోలు మీద ఉంది.

"మా అమ్మమ్మ ఇలాగే మాట్లాడేది," అంది నందార్. "తలుపేసి, దీపం తగ్గించి."

"నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు. విన్నదే చెప్పు."

"నమ్మకపోతే? మా తమ్ముడు?"

మాటివ్వలేనన్నట్టు హాల్వర్ తల అడ్డంగా ఊపాడు.

నందార్ కొప్పులోంచి పిన్ను లాగి నోటి దగ్గర పెట్టుకుంది. "తీదా కాదు. ఒక నార్వే ముసలావిడ. మీరే వినండి." పిన్ను వేదిక వైపు పట్టుకుంది.

"కారులోవాడు ఫోనెత్తాడు," అంది ఓడ్నీ. "'తీదా కాదు' అని కబురు పంపాడు. ఇప్పుడు వాణ్ని పట్టుకుంటున్నాం."

నందార్ కుర్చీలో కూలబడి ఏడుస్తోంది. తీదా వచ్చి, ఏం జరిగిందో తెలియకుండానే, ఆమె చెయ్యి పట్టుకుంది. హాల్వర్ గోడకు ఆనుకున్నాడు. వెనక తడి బూట్లు ఇంకా ఉన్నాయి. ఈసారి మాత్రం అవి కూడా వింటున్నట్టు అనిపించింది.

సోమవారం ఓడ్నీ ఫోన్ చేసింది. "నందార్ తమ్ముడి సంగతి ఇంకా తెలీదు. ఎల్బ్యోర్గ్‌కి రేపటి నుంచి నువ్వే కాపలా."

"ఆవిడ ఒప్పుకుందా?"

"ఒక షరతు మీద. నువ్వు దొంగపేర్లన్నీ మానేసి, సొంతపేరుతో సంఘంలో చేరాలట."