తొంభై రెండేళ్ల దాకా డ్యూటీ

“మీ మామయ్య తొంభై రెండేళ్లొచ్చేదాకా ఇక్కడే పని చేస్తారా?”

కుర్చీ కాలికి పాలిష్ రుద్దుతున్న తొందరబాబు తలెత్తాడు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. నిదానమే ప్రధానం అని ఎవరైనా మొదలుపెడితే, ఆ మాట పూర్తయ్యేలోపే వెళ్లిపోయే రకం కాబట్టి కుర్చీల ఫ్యాక్టరీ అంతా కలిసి పెట్టింది. ఎదురుగా ట్యాబ్ పట్టుకుని హెచ్ఆర్ మేడం నిలబడి ఉంది. ఉద్యోగానికి కొత్త గానీ కోపంలో బాగా సీనియర్.

“తొంభై రెండేంటండీ? వచ్చే ఏడాది మానేస్తానంటున్నాడు. ఆయనకి మోకాళ్ల నొప్పులు.”

“మరి యాప్‌లో ఇంకా ముప్పై నాలుగేళ్లు చేస్తానని ఎందుకుంది?”

ఇక్కడ కాస్త సంగతి చెప్పాలి. రిటైర్‌మెంట్ కోసం జీతంలోంచి కోసే డబ్బు ఎక్కడ పెట్టాలో సలహా ఇవ్వడానికి కంపెనీ ఈమధ్యే ఒక యాప్ తెచ్చింది. మనిషితో పని లేదు. ఇంకా ఎన్నేళ్లు చేస్తారు, మీ మీద ఆధారపడినవాళ్లు ఎందరు, పెట్టిన డబ్బు విలువ పడిపోతే కంగారు పడతారా అని అడుగుతుంది. జవాబులు చూసి డబ్బు అదే సర్దేస్తుంది. ఆ ప్రశ్నలు చూడగానే పాలిష్ సెక్షన్‌కి పరీక్ష హాలు గుర్తొచ్చింది. అందరికంటే ముందు పూర్తి చేసిందెవరు? ఇంకెవరు! “ఒరేయ్, నీ ఆన్సర్లు చెప్పరా” అన్నారు. ఇరవై ఆరేళ్ల తొందరబాబు గొంతెత్తి చదివాడు. అందరూ అవే నొక్కేశారు. సెక్షన్ మేస్త్రి అయిన యాభై ఎనిమిదేళ్ల మామయ్యకైతే వీడే స్వయంగా నొక్కిపెట్టాడు.

“మీ సెక్షన్లో ఎవరికీ భార్యాపిల్లలు లేరట, ఎవరికీ భయం లేదట! కాపీ కొట్టడానికి ఇదేమన్నా స్కూలా?”

“అన్నీ రైట్ ఆన్సర్లే చెప్పానండీ.”

“మీకు రైటు, ఆయనకి కాదు! ఆయన డబ్బంతా యాప్ షేర్లలో పెట్టేసింది. నెల నుంచి మార్కెట్ పడుతూనే ఉంది. ఆయన అకౌంట్ చూశారా?”

తొందరబాబు చేతిలోంచి గుడ్డ జారిపోయింది. అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది ఆ మామయ్యే. ఈ పని ఇప్పించిందీ ఆయనే. అలాంటి మనిషి చెమటోడ్చి దాచుకున్నదాని మీద వీడు ఆడుతూ పాడుతూ బటన్ నొక్కాడు. వాడికి ఏడుపొచ్చినంత పనైంది.

“ఇప్పుడే మొత్తం బయటికి తీయించేస్తా!” అని లేచాడు.

“కూర్చోండి! ఆలోచించకుండా ఒకసారి నొక్కారు, మళ్లీ అదే పనా? కంగారుగా అంతా అమ్మేస్తే పోయింది పోయినట్టే. ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుదాం. మీరూ రండి. ఎవరి జవాబు వాళ్లు చెప్పేదాకా మీరు మాత్రం నోరు విప్పకూడదు.”

ఆ వారమంతా లంచ్ అవర్లో ఇద్దరికీ అదే పని. ఆమె ప్రశ్న అడిగి, ఎదుటి మనిషి ఎంతసేపు గొణిగినా ఓపిగ్గా ఆగేది. అలా ఆగే మనిషిని తొందరబాబు పుట్టాక చూడలేదు. రెండు రోజులు ఆశ్చర్యపోయాడు, మూడో రోజుకి ప్రేమలో పడ్డాడు.

ఒక సాయంత్రం వాన. ఇద్దరూ సైకిల్ స్టాండు రేకుల కింద ఇరుక్కున్నారు.

“మీ చేతిలో గొడుగుందిగా, వెళ్లరా?” అందామె.

“తగ్గాక వెళ్తానండీ.”

“తొందరబాబు గారు ఆగుతున్నారా?”

“వాన వెంటనే తగ్గిపోవాలని రూలేం లేదుగా.”

ఆమె మొహం అటు తిప్పుకుంది. నవ్వు మాత్రం ఇటే వినబడింది.

అందరూ అయిపోయారు. మామయ్య మిగిలాడు. ఆయన ముందు కూర్చోవడానికి మొహం చెల్లక వీడే చివరికి నెట్టుకొచ్చాడు.

“మామయ్యా, నీ డబ్బు తగ్గిపోయింది. నా వల్లే,” అన్నాడు తల దించుకుని.

“తెలుసురా. ఫోన్ చూసుకోవడం నాకు రాదనుకున్నావా?”

“మరి అడగలేదేం?”

“అడిగితే ఏడుస్తావు. నీ ఏడుపు నేను చూళ్లేను, చిన్నప్పట్నుంచీ అంతే.”

వాడు నిజంగానే ఏడ్చాడు. మేడం ట్యాబ్ తుడుస్తున్నట్టు నటించింది.

“వచ్చే ఏడాది మానేద్దామనుకున్నానమ్మా. ఇప్పుడు కుదురుతుందా?” అడిగాడు మామయ్య.

“కుదరదు మేస్త్రి గారూ. రెండేళ్లు పెట్టుకుంటే యాప్ కొద్దికొద్దిగా భద్రమైన చోటికి మారుస్తుంది. చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చేసే పని ఖాళీ ఉంది. మేనేజర్‌ని అడిగాను, మీకిస్తామన్నారు.”

“కూర్చునే పనైతే రెండేళ్లేం ఖర్మ, హాయిగా చేస్తా!”

వాడి గుండెల మీద బరువు దిగింది. ఆమె చివరి ప్రశ్న చదివింది.

“ఈ రెండేళ్లలో ఇంట్లో పెద్ద ఖర్చేమైనా ఉందా?”

“వీడి పెళ్లి ఉండాలి. కానీ ఈ తొందరగాణ్ణి ఎవరు చేసుకుంటారు? లేదని పెట్టేయమ్మా.”

“ఆగండి,” అన్నాడు తొందరబాబు. “లేదని పెట్టకండి. మీరంటే నాకు ఇష్టం. ఉందో లేదో... మీరే చెప్పండి. ఎంతసేపైనా ఆగుతాను.”

మామయ్య నోరు తెరిచాడు. వాడు నోరు మూసుకుని, జీవితంలో మొదటిసారి, జవాబు కోసం ఎదురుచూశాడు. ఆమె తాపీగా ట్యాబ్ చూసింది, వాణ్ణి చూసింది, మళ్లీ ట్యాబ్ చూసింది. తర్వాత ‘ఉంది’ అన్నచోట నొక్కింది.

“మా అమ్మతో మాట్లాడాలి మరి,” అంది మామయ్య వైపు తిరిగి. “మీరెప్పుడొస్తారు, మామయ్య గారూ?”